ఎవరు అర్హులు? - అమెరికాలో పిల్లల పేదరికం, నూరేళ్ళ వాదన

(ఆదివారం తెలుగు కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగానికి అక్షర రూపం)



పన్నుల కాలం వచ్చిందంటే శనివారాలు నేను డాలస్‌లో మా పేట లైబ్రరీలో ఒక మూల బల్ల దగ్గర కూర్చుంటానని మీలో కొందరికి తెలుసు. ఐ.ఆర్.ఎస్. వారి వీటా అనే కార్యక్రమం ఒకటుంది. ఆదాయం తక్కువగా ఉన్నవాళ్ళకి ఉచితంగా టాక్స్ రిటర్ను నింపి పెట్టడం దాని పని. చిన్న శిక్షణ తీసుకుని పరీక్ష పాసైతే ఎవరైనా వాలంటీరుగా చేరొచ్చు. నాకు లెక్కలంటే ఇష్టం, శనివారాలు ఇంట్లో తోచదు. అంతకు మించి గొప్ప ఆశయాలేమీ లేకుండానే చేరాను.

2022 వసంతంలో నా బల్ల దగ్గరకి ఒకావిడ వచ్చింది. గోడౌన్‌లో రాత్రి షిఫ్టు. ఇద్దరు పిల్లలు, ఒకరికి నాలుగేళ్ళు, ఒకరికి ఎనిమిది. ఏడాదికి ఇరవై ఒక్క వేల డాలర్ల సంపాదన. చేతిలో ఐ.ఆర్.ఎస్. పంపిన 6419 నంబరు ఉత్తరం. 2021 జూలై నుంచి డిసెంబరు దాకా నెలకి 550 డాలర్ల చొప్పున ఆవిడ బాంకులో పడ్డాయని అందులో ఉంది. మిగతా సగం, 3,300 డాలర్లు, రిటర్ను వేస్తే వస్తాయని చెప్పాను. ఆవిడ ఒకటే మాట అంది. "ఆ ఆరు నెలలూ నేను అప్పుల కొట్టు గుమ్మం తొక్కలేదు" అని. ఇక్కడ జీతం రాకముందే దానిమీద అప్పిచ్చే దుకాణాలు మీరూ చూసే ఉంటారు.

మరుసటి ఏడు మళ్ళీ వచ్చింది. అదే ఉద్యోగం, అదే జీతం, వాళ్ళే పిల్లలు. ఈసారి పిల్లల పేరు మీద వచ్చేది మొత్తం మూడు వేలకు లోపే తేలింది. కిందటేడు 6,600. ఆవిడ కాగితాన్ని రెండుసార్లు తిరగేసి చూసి, గొంతు తగ్గించి అడిగింది: "నేనేమైనా తప్పు చేశానా?"

ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. ఎందుకంటే అది నేను ఇదివరకే విన్న ప్రశ్న. మా అమ్మ నోట, తెలుగులో.

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. 1983లో రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పెట్టాక మా ఇంట్లో రెండు పూటలా అన్నం వండటం మొదలైంది. అతిశయోక్తి కాదు, అంతకు ముందు రాత్రి పూట జొన్న సంకటి. ఒక ఏడాది మా కార్డు పోయింది. అడిగితే "మీ ఇంటి మీద రేకులున్నాయి కదమ్మా, పూరిల్లు కాదుగా" అన్నారు. ఆ రేకులు మా మేనమామ తన కొట్టం విప్పినప్పుడు ఇచ్చినవి. అమ్మ ఇంటికొచ్చి ఆ రేకుల కేసి చూస్తూ "నేనేం తప్పు చేశాను?" అంది. కార్డు తిరిగి రావటానికి ఎనిమిది నెలలు పట్టింది.

అమెరికా ప్రభుత్వం పిల్లల పేదరికాన్ని తగ్గించటానికి నూరేళ్ళ పైచిలుకుగా ఏమేం చేసిందో చదువుతూ పోతే నాకు మళ్ళీ మళ్ళీ ఆ రేకులే కనిపించాయి. డబ్బు చాలదన్న వాదన కంటే, ఎవరు అర్హులు అన్న వాదనే ఇక్కడ పెద్దది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ కథ.

అంతకు ముందు సంగతి ఒక్క ముక్కలో. పందొమ్మిదో శతాబ్దంలో భర్త చనిపోయిన పేదరాలికి తిండి జరక్కపోతే పిల్లల్ని అనాథాశ్రమానికి పంపేవారు. తల్లి బతికుండగానే పిల్లలు అనాథలన్నమాట. 1909 జనవరిలో అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ వైట్ హౌస్‌లో ఒక సమావేశం పెట్టాడు. సుమారు రెండు వందల మంది వచ్చారు. కేవలం పేదరికం కారణంగా బిడ్డని ఇంటి నుంచి వేరు చెయ్యకూడదు అని వాళ్ళు తీర్మానించారు. ఇప్పుడు వింటే ఇందులో ఏముంది అనిపిస్తుంది. అప్పటికి అది కొత్త మాట.

రెండేళ్ళకి, 1911లో, ఇల్లినాయ్ రాష్ట్రం తల్లుల పింఛను చట్టం చేసింది. 1920 నాటికి నలభై రాష్ట్రాలు అదే దారి పట్టాయి. అయితే ఎవరికి ఇచ్చారు? ఎక్కువగా వితంతువులకి. అది కూడా ఇల్లు శుభ్రంగా ఉందా, తల్లి నడవడి ఎలాంటిది అని ఇంటికొచ్చి చూసి. భర్త వదిలేసిన వాళ్ళు, పెళ్ళి కాని తల్లులు, నల్లవాళ్ళు చాలా చోట్ల ఆ జాబితాలోకి రాలేకపోయారు.

కానీ ఆ పింఛను పనిచేసిందా? దీనికి జవాబు నూరేళ్ళ తరవాత దొరికింది. కొందరు ఆర్థికశాస్త్రవేత్తలు ఆ పాత దరఖాస్తుల దస్త్రాలు వెతికి తీశారు. పింఛను దొరికిన తల్లుల కొడుకుల్ని, అడిగినా దొరకని తల్లుల కొడుకులతో పోల్చారు. 2016లో అచ్చయిన ఆ పరిశోధనలో తేలింది ఏమిటంటే, పింఛను అందిన ఇళ్ళలో పెరిగిన మగపిల్లలు సగటున ఒక ఏడాది ఎక్కువ బతికారు. చిన్నప్పుడు రెండు మూడేళ్ళ పాటు ఇంటికి వచ్చిన ఆ కాసిని డాలర్లు ముసలితనంలో ఆయుష్షుగా తేలాయన్నమాట.

1912లో చిల్డ్రన్స్ బ్యూరో అని పిల్లల కోసమే ఒక కేంద్ర కార్యాలయం వచ్చింది. దానికి మొదటి అధిపతి జూలియా లాత్రప్. ఇంత పెద్ద ప్రభుత్వ కార్యాలయానికి ఒక స్త్రీ అధిపతి కావడం అదే మొదలు. ఆవిడ మనుషులు పెన్సిల్వేనియాలో జాన్స్‌టౌన్ అనే ఉక్కు కర్మాగారాల ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి, పుట్టిన పిల్లల్లో ఏడాది నిండకుండానే ఎందరు పోతున్నారో లెక్క రాశారు. తండ్రి సంపాదన తగ్గేకొద్దీ పిల్లల చావులు పెరుగుతున్నట్టు కనపడింది. అప్పటి దాకా తల్లికి పెంపకం తెలియక పిల్లలు పోతున్నారనేవారు. జీతానికీ చావుకీ ఉన్న లంకె అంకెల్లో పడింది.

ఇక 1935. ఆర్థిక మాంద్యం. ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ ఆగస్టు 14న సోషల్ సెక్యూరిటీ చట్టం మీద సంతకం పెట్టాడు. ముసలివాళ్ళ పింఛనుతో పాటు, ఆ చట్టంలో నాలుగో అధ్యాయంగా పేద పిల్లలకి సాయం కూడా ఉంది. మొదటి బిడ్డకి నెలకి 18 డాలర్లు, ఆ పైన ఒక్కొక్కరికి 12 డాలర్ల పరిమితి లోపల రాష్ట్రాలు ఖర్చు పెట్టినదాంట్లో మూడో వంతు కేంద్రం ఇస్తుంది. తల్లికి మాత్రం ఏమీ లేదు. ఆవిడ తిండికి కూడా కొంత ఇవ్వాలని 1950లో గానీ తోచలేదు!

1939లో ఆ చట్టాన్ని సవరించారు. ఉద్యోగం చేస్తూ చనిపోయిన వాడి భార్యాబిడ్డలకి సోషల్ సెక్యూరిటీ నుంచే డబ్బు వచ్చేట్టు చేశారు. చాలా మంచి పని. కానీ దాని వల్ల ఒకటి జరిగింది. జాలి పడదగ్గ వితంతువులు అటు వెళ్ళిపోయారు. ఈ పథకంలో మిగిలినవాళ్ళు భర్త వదిలేసినవాళ్ళు, పెళ్ళి కాకుండా తల్లులైనవాళ్ళు. అటు వెళ్ళినవాళ్ళది హక్కు, ఇటు మిగిలినవాళ్ళది దానం అయింది. వీళ్ళ మీద నిఘా పెరిగింది. ఇంట్లో మగవాడు ఉంటున్నాడేమో అని అర్ధరాత్రి తలుపు తట్టి, మంచం కింద చూసిన ఊళ్ళున్నాయి. 1960లో లూసియానా రాష్ట్రం "ఇల్లు తగినది కాదు" అంటూ ఇరవై వేలకు పైగా పిల్లల్ని ఒక్కసారిగా జాబితా నుంచి తీసేసింది. వాళ్ళలో ఎక్కువమంది నల్లపిల్లలు. ఇంట్లో మగవాడున్నాడన్న కారణంతో పిల్లల తిండి ఆపకూడదని 1968లో అలబామా కేసులో సుప్రీం కోర్టు చెప్పింది.

మా ఇంటి మీద రేకులు, వాళ్ళ మంచం కింద చెప్పులు. చూసే కన్ను ఒకటే.

బడి భోజనం సంగతి కూడా ఒక మాట. ఇక్కడ ట్రూమన్ బడి భోజనాల చట్టం మీద సంతకం పెట్టింది 1946లో. మన వాళ్ళు గర్వపడదగ్గ సంగతేమిటంటే, అంతకు పాతికేళ్ళకి పైగా ముందే, 1920లో, తెలుగువాడైన పిట్టి త్యాగరాయ చెట్టి గారు మద్రాసు కార్పొరేషన్‌కి అధ్యక్షుడుగా ఉండగా థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకి మధ్యాహ్నం తిండి పెట్టడం మొదలైంది. పిల్లవాడికి ఒక్క అణా ఖర్చు. బడికి వచ్చినవాడికల్లా పెట్టు అన్నది అక్కడి సూత్రం. ఇక్కడ మాత్రం ఎవరికి ఉచితం, ఎవరికి తగ్గింపు, ఎవరికి పూర్తి ధర అని మూడు వరసలు. కోవిడ్ రోజుల్లో అందరికీ ఉచితంగా పెట్టి, 2022 వేసవితో ఆపేశారు. ఆ తరవాత కాలిఫోర్నియా, మెయిన్ లాంటి కొన్ని రాష్ట్రాలు సొంత డబ్బుతో అందరికీ పెడుతున్నాయి.

ఇప్పుడు లెక్కల దగ్గరికి వద్దాం. పేద అంటే ఎవరు? ఈ దేశానికి పేదరికపు గీత గీసింది మోలీ ఒర్షాన్‌స్కీ అనే ఉద్యోగిని. ఉక్రెయిన్ నుంచి వచ్చిన పేద కుటుంబంలో, బ్రాంక్స్‌లో పుట్టింది. సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలో పనిచేస్తూ, అతి పొదుపుగా తింటే ఒక కుటుంబానికి అయ్యే తిండి ఖర్చుని మూడుతో గుణించింది. అప్పటి కుటుంబాలు ఆదాయంలో దాదాపు మూడో వంతు తిండికి ఖర్చు పెట్టేవి కాబట్టి. 1963లో ఆవిడ మొదటి వ్యాసం ముఖ్యంగా పేద పిల్లల గురించే. ధరలతో పాటు పెంచుకుంటూ వచ్చిన ఆ గీతే ఇప్పటికీ అధికారిక లెక్క. 2023లో తల్లీ తండ్రీ ఇద్దరు పిల్లలకి అది సుమారు 31 వేల డాలర్లు. డాలస్‌లో అద్దెలు తెలిసిన వారికి ఆ అంకె ఎంత చిన్నదో వేరే చెప్పక్కర్లేదు.

ఆ గీత ప్రకారం 1959లో ఈ దేశపు పిల్లల్లో 27 శాతం మంది పేదలు. 1969కి అది 14 శాతానికి దిగింది. జీతాలు పెరగడం ఒక కారణం, లిండన్ జాన్సన్ పేదరికం మీద ప్రకటించిన యుద్ధం ఒక కారణం. ఈ జాన్సన్ మన టెక్సస్ వాడే. కుర్రతనంలో, 1928లో, శాన్ ఆంటోనియోకి దక్షిణంగా ఉన్న కోటుల్లా అనే ఊళ్ళో మెక్సికన్ కూలీల పిల్లలకి పాఠాలు చెప్పాడు. ఆ పిల్లలు ఆకలితో బడికి రావడం చూశాడు. 1965లో పార్లమెంటు సభ్యుల ముందు ఓటు హక్కు గురించి మాట్లాడుతూ కూడా ఆ పిల్లల్ని తలుచుకున్నాడు. 1964లో ఫుడ్ స్టాంపుల చట్టం, 1965లో హెడ్ స్టార్ట్ బాలవాడీలు ఆయన హయాంలోవే.

అక్కడితో ఆగిపోయింది. 1993కి పిల్లల పేదరికం మళ్ళీ 22 శాతం దాటింది. అదే కాలంలో ముసలివాళ్ళని చూడండి. 1959లో వాళ్ళలో 35 శాతం పేదలు, అంటే పిల్లలకంటే ఎక్కువ. ఇప్పుడు పది శాతం దరిదాపుల్లో ఉన్నారు. ఎలా? సోషల్ సెక్యూరిటీ డబ్బు ధరలతో పాటు దానంతట అదే పెరిగేట్టు 1972లో చట్టం చేశారు. నెలనెలా వస్తుంది. ఇల్లు శుభ్రంగా ఉందా అని ఎవరూ రారు. ముసలివాళ్ళకి ఓటుంది, పిల్లలకి లేదు అని కొందరంటారు. నాకు తోచేది ఇంకొకటి కూడా. ముసలివాళ్ళకి ఇచ్చేటప్పుడు ముసలివాళ్ళనే చూస్తాం. పిల్లలకి ఇచ్చేటప్పుడు వెనక నిలబడ్డ తల్లిని చూస్తాం.

పిల్లలున్న ప్రతి పేద కుటుంబానికీ కనీస ఆదాయం ఇద్దామని ప్రతిపాదించింది ఎవరో తెలుసా? రిచర్డ్ నిక్సన్. నలుగురున్న ఇంటికి ఏడాదికి 1,600 డాలర్లు. 1970లో ప్రతినిధుల సభ ఒప్పుకుంది, సెనేట్‌లో ఆగిపోయింది. ఎక్కువని కొందరు, చాలదని కొందరు!

1975లో పన్నుల దారిలో ఒక సాయం మొదలైంది. తక్కువ జీతానికి పనిచేసే తల్లిదండ్రులకి ఏడాదికి గరిష్ఠంగా 400 డాలర్లు ఎదురివ్వడం. ఇదే ఈ.ఐ.టి.సి. తరవాత బాగా పెరిగింది, చాలా మందిని గట్టెక్కించింది. కానీ ఏడాదికొక్కసారి వస్తుంది, పనిచేస్తేనే వస్తుంది. 1996 ఆగస్టులో క్లింటన్ సంతకంతో పాత సాయం పోయి, టానిఫ్ వచ్చింది. కేంద్రం డబ్బు మీద జీవితకాలానికి అరవై నెలల పరిమితి, పని షరతు. రాష్ట్రాలకి ఏటా ఇచ్చే 1,650 కోట్ల డాలర్లు ధరలతో పాటు పెరగవు. తొంభైల చివర్లో ఉద్యోగాలు బాగుండటం వల్ల చాలామంది తల్లులు పనిలోకి వెళ్ళారు, పిల్లల పేదరికం 2000కి 16 శాతానికి దిగింది. అది ఒప్పుకోవాలి. కానీ పని దొరకని వాళ్ళ కింద నేల లేకుండా పోయింది. 1996లో పిల్లలున్న పేద కుటుంబాలు నూటికి 68 నగదు సాయం పొందేవి. 2020లో 21. మన టెక్సస్‌లో ఐదు కూడా లేవు.

పిల్లల పన్ను రాయితీ, అదే చైల్డ్ టాక్స్ క్రెడిట్, 1997 చట్టంతో వచ్చింది. ఇది మన ఇళ్ళల్లోనూ తెలిసిన పేరే. 2018 నుంచి ఏం జరిగిందో గుర్తుందా? సోషల్ సెక్యూరిటీ నంబరున్న బిడ్డకి 2,000 డాలర్లు, ఐటిన్ నంబరున్న బిడ్డకి 500. హైదరాబాదులో పుట్టి హెచ్-4 మీద వచ్చిన అక్కకి ఒక లెక్క, డాలస్‌లో పుట్టిన తమ్ముడికి ఇంకో లెక్క. ఒకే ఇల్లు, ఒకే బడి. అప్పుడు మనవాళ్ళు ఎంత గొడవ పడ్డారో నేను విన్నాను. "మా అమ్మాయి చేసిన పాపం ఏమిటి?" అని నన్ను నిలదీసినవారున్నారు. మంచి ప్రశ్న. కానీ అదే చట్టంలో, జీతం మరీ తక్కువైనందుకు పూర్తి రాయితీ దొరకని పిల్లల గురించి మనలో ఎవరమూ అడగలేదు. నేనూ అడగలేదు.

2021 మార్చిలో ఆ నియమం మార్చారు. ఆరేళ్ళ లోపు బిడ్డకి ఏడాదికి 3,600 డాలర్లు, పదిహేడేళ్ళ దాకా 3,000. జీతం ఎంత తక్కువైనా, అసలు లేకపోయినా పూర్తిగా ఇచ్చారు. జూలై 15 నుంచి డిసెంబరు 15 దాకా, సగం డబ్బు నెలనెలా బాంకులో వేశారు. ఆరు కోట్ల మంది పిల్లలకి అందింది. పన్నులు, సాయాలు అన్నీ కలిపి చూసే కొత్త కొలత ఒకటుంది. దాని ప్రకారం పిల్లల పేదరికం 2020లో 9.7 శాతం, 2021లో 5.2 శాతం. ఆ కొలతలో అంత తక్కువ ఎప్పుడూ లేదు. తరవాత సెనేట్‌లో ఒక్క ఓటు తక్కువై పథకం పొడిగించలేదు. తల్లిదండ్రులు పని మానేస్తారని అనుమానం. 2022లో పేదరికం 12.4 శాతం. 2023లో 13.7.

ఇంత స్పష్టమైన పరీక్ష చరిత్రలో అరుదుగా దొరుకుతుంది. మందు వేశారు, జ్వరం దిగింది. ఆపారు, మళ్ళీ వచ్చింది.

డబ్బిస్తే అన్నీ బాగుపడతాయా అని మీరు అడగొచ్చు. పడవు. 2018లో మొదలుపెట్టి నాలుగు ప్రాంతాల్లో వెయ్యి మంది పేద తల్లుల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరికి నెలకి 333 డాలర్లు, కొందరికి 20. నాలుగేళ్ళు వచ్చేసరికి పిల్లల మాటల్లో, బుద్ధిలో, నడవడిలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఈ సంగతి దాచిపెట్టి మాట్లాడితే నిజాయితీ కాదు. అదే సమయంలో, చిన్నప్పుడు ఫుడ్ స్టాంపులు అందిన పిల్లలు పెద్దయ్యాక బీపీ, షుగరు లాంటి జబ్బులు తక్కువగా ఉండి, మెరుగైన ఆరోగ్యంతో ఉన్నారని ఇంకో పరిశోధన చెప్పింది. కొన్ని ఫలితాలు నాలుగేళ్ళకి తెలియవు, నలభై ఏళ్ళకి తెలుస్తాయి. అసలు ఏ ఫలితమూ లేకపోయినా, బిడ్డకి చెప్పులు కొనటానికి పరిశోధన కావాలా అన్నది నా సందేహం.

2019లో నేషనల్ అకాడమీస్ నిపుణుల సంఘం ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. పిల్లల పేదరికం వల్ల ఈ దేశానికి ఏటా 80 వేల కోట్ల డాలర్లకి తక్కువ కాకుండా నష్టమని లెక్క కట్టింది. పదేళ్ళలో దాన్ని సగానికి తగ్గించే దారులున్నాయని చెప్పింది. దారి తెలియక ఆగలేదన్నమాట. 2025 జూలైలో వచ్చిన చట్టం రాయితీని 2,200 డాలర్లకి పెంచింది, ఇకమీదట ధరలతో పాటు పెరిగేట్టు కూడా చేసింది. అది మంచిదే. కానీ జీతం మరీ తక్కువైన ఇళ్ళకి పూర్తి మొత్తం రాదన్న నియమం అలాగే ఉంది. అలా మిగిలిపోయే పిల్లలు కోటిన్నరకు మించే ఉంటారు. పైగా తల్లిదండ్రుల్లో కనీసం ఒకరికైనా సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలని కొత్త షరతు పెట్టారు.

నన్నడిగితే చెయ్యవలసినవి రెండే. అన్నిటికంటే పేద బిడ్డకి అందరికంటే తక్కువ ఇచ్చే ఆ నియమం తీసెయ్యాలి. డబ్బు ఏడాదికొకసారి కాక నెలనెలా ఇవ్వాలి, ఎందుకంటే అద్దె నెలనెలా కట్టాలి. ఈ రెండూ చేసి చూపించినవే.

మనం సుఖంగా ఉన్నాం కదా, మనకెందుకు అని ఎవరైనా అంటే నేను కోప్పడను. నేనూ చాలా ఏళ్ళు అలాగే ఉన్నాను. గ్రోసరీ లైనులో నా ముందున్నావిడ ఫుడ్ స్టాంపుల కార్డు తీస్తే, బుట్టలో ఏమున్నాయా అని తొంగి చూసినవాణ్ణే. రెండు రూపాయల బియ్యం తిని పెరిగినవాణ్ణి, ఆవిడ ఇంటి మీద రేకులు లెక్కపెట్టాను.

ఆ రోజు లైబ్రరీలో ఆవిడకి నేను చెప్పిన జవాబు ఇది. "లేదమ్మా, మీరు ఏ తప్పూ చెయ్యలేదు. చట్టం గడువు అయిపోయింది, అంతే." ఆవిడ కాసేపు నా మొహం చూసింది. నమ్మినట్టు కనపడలేదు. సంతకం పెట్టి, కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని, రాత్రి షిఫ్టుకి వేళవుతోందని లేచింది.

మా అమ్మకి ఆ మాట చెప్పినవాళ్ళు కూడా లేరు.